కొండని పెరట్లోకి తెచ్చినవాడు

పెరట్లో మొక్క చచ్చిపోతే మనం మామూలుగా రెండే అనుకుంటాం: నీళ్ళు చాలలేదు, లేదా ఎరువు చాలలేదు. కొండ పువ్వుల సంగతి వేరు. అవి ఎక్కువగా మనం చేసే అతి మర్యాదకే పోతాయి. ఈ విషయాన్ని తోటమాలులకి అర్థమయ్యేలా, కాస్త వెటకారంగా కూడా చెప్పినవాడు రెజినాల్డ్ ఫారర్. ఆయన గురించి చదివాక నాకు డ్రైనేజీ అనే మాట మీద గౌరవం పెరిగింది.

ఫారర్ 1880లో లండన్‌లో పుట్టాడు. పెరిగింది యార్క్‌షైర్‌లోని క్లాపమ్ అనే ఊళ్ళో. వాళ్ళ కుటుంబ ఎస్టేట్ ఇంగిల్‌బరో అనే 723 మీటర్ల కొండ కిందే ఉండేది. పుట్టుకతోనే అంగిలి చీలిక. చిన్నతనమంతా ఆపరేషన్లు, మాట సరిగ్గా పలకదు. బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పించారు. తోటిపిల్లలు లేని ఆ కుర్రాడికి కొండే దోస్తు అయ్యింది.

ఆ కొండ మీద పుట్టి పెరిగే పూలలో రెండింటి గురించి చెప్తాను. ఒకటి ఊదారంగు సాక్సిఫ్రేజ్. సున్నపురాయి చీలికల్లో చాపలా పరుచుకుని, చలి పూర్తిగా పోకముందే పూస్తుంది. రెండోది ప్రిములా ఫారినోసా. ఆకుల అడుగున పిండి అద్దినట్టు తెల్లపొడి, పైన చిన్న గులాబిరంగు పూల గుత్తి. ఇది తడిగా ఉండే పచ్చికలో ఉంటుంది. కొండ ఒక్కటే, కానీ ఒకదానికి రాయి కావాలి, ఇంకోదానికి తడి కావాలి. రెండింటినీ ఒకే మడిలో పెట్టి ఒకేలా నీళ్ళు పోస్తే ఏమవుతుందో మీరే చెప్పండి.

ఫారర్ 14 ఏళ్ళ వయసులోనే ఇంటి దగ్గర పాడుబడ్డ క్వారీలో రాతి తోట కట్టాడు. అప్పట్లో చాలామంది రాతి తోట అంటే మట్టిదిబ్బ మీద రాళ్ళు గుచ్చడమే అనుకునేవారు. ఆయన వాళ్ళని జీవితాంతం ఎగతాళి చేశాడు. ఆయన దృష్టిలో రాయి అలంకారం కాదు. వేళ్ళకి చల్లదనం ఇవ్వాలి, నీరు నిలవకుండా చూడాలి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఎత్తైన కొండల మీద చలికాలమంతా మొక్క మంచు దుప్పటి కింద పొడిగా నిద్రపోతుంది. మైదానంలోని తోటలో అదే చలికాలం వాన, బురద. మొక్క చలికి కాదు, తడికి కుళ్ళిపోతుంది. అందుకే ఆయన మొరైన్ పద్ధతిని ప్రచారం చేశాడు. హిమనదులు వదిలిపోయే రాళ్ళగుట్టలా, మడిలో చాలావరకు రాతిముక్కలే, మట్టి, ఆకుకుళ్ళు కొంచెమే. పైన పోసిన నీరు ఆగకుండా దిగిపోతుంది, వేరు చల్లదనం కోసం లోతుకి వెళ్తుంది. మన సివిల్ వాళ్ళకి ఇది కొత్తేం కాదు, కానీ పువ్వు కోసం చేయడమే గొప్ప.

ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి సొంత ఊళ్ళో నర్సరీ పెట్టాడు. 1907లో 'మై రాక్ గార్డెన్' వచ్చింది. నోటితో సులువుగా రాని మాట కాగితం మీద మాత్రం కత్తిలా నడిచింది. 1914లో విలియం పర్డమ్‌తో కలిసి చైనాలోని గాన్సు వెళ్ళాడు. అక్కడ దొరికిన లేతనీలం జెన్షియన్‌కి ఆయన పేరే పెట్టారు. తెచ్చిన గింజల్ని తుపాకిలో నింపి, ఇంటి దగ్గరి కొండరాళ్ళ మీదికి పేల్చాడని కూడా చెప్తారు. చెయ్యి అందని చీలికల్లో విత్తనం పడాలి కదా మరి!

1919లో రెండు సంపుటాల 'ది ఇంగ్లిష్ రాక్ గార్డెన్' అచ్చయ్యింది. అదే ఏడు బర్మా ఉత్తర కొండలకి బయల్దేరాడు. మొదటి ఏడాది యువాన్ కాక్స్ తోడున్నాడు. రెండో ఏడు సాటి యాత్రికుడెవరూ లేరు, ఎడతెగని వాన. జబ్బుపడి 1920 అక్టోబర్ 17న, 40 ఏళ్ళకే అక్కడే చనిపోయాడు. సమాధి కూడా ఆ కొండల్లోనే.

నన్ను బాగా కదిలించింది ఆ తర్వాతి సంగతి. ఆ చివరి యాత్రలో ప్రాణం పెట్టి సేకరించినవాటిలో చాలావరకు ఇంగ్లండ్ తోటల్లో నిలవలేదు. ఆ వానకొండల వాతావరణం అక్కడ లేదు. జీవితమంతా ఆయన చెప్పిన పాఠం ఆయన మొక్కలకీ వర్తించింది. గాన్సు జెన్షియన్ మాత్రం నిలబడింది, ఇప్పటికీ తోటల్లో పూస్తోంది. ఇంగిల్‌బరో మీద ఊదారంగు సాక్సిఫ్రేజ్ సంగతి సరేసరి, దానికి ఎవరి తోటా అక్కర్లేదు.