జూలియస్ ఆక్సెల్‌రాడ్

జూలియస్ ఆక్సెల్‌రాడ్ (మే 30, 1912 - డిసెంబర్ 29, 2004) అమెరికాకు చెందిన ప్రసిద్ధ జీవరసాయన, ఔషధ శాస్త్రవేత్త. నాడుల చివరలనుండి వెలువడే సందేశవాహక పదార్థములు ఎట్లు నిల్వ ఉండి, విడుదలై, నిష్క్రియమగునో కనుగొన్నందుకు 1970లో బెర్నార్డ్ కాట్జ్, ఉల్ఫ్ వాన్ ఆయిలర్‌లతో కలసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. చీకటి పడిన సంగతిని శరీరానికి తెలిపి నిద్రావేళను నియంత్రించే మెలటోనిన్ అనే హార్మోనుకూ, మెదడులో మందులు పనిచేసే గ్రాహకాలకూ గల సంబంధాన్ని అర్థం చేసుకొనుటకు ఇతని పరిశోధనలు పునాది వేశాయి.

బాల్యము, విద్య

ఆక్సెల్‌రాడ్ న్యూయార్క్ నగరంలో, పేద వలస కుటుంబాలు నివసించే లోయర్ ఈస్ట్ సైడ్ ప్రాంతంలో జన్మించాడు. తల్లిదండ్రులు పోలండ్ ప్రాంతమునుండి వలస వచ్చిన యూదులు. తండ్రి బుట్టలు అల్లి, గుర్రపు బండిపై తిరిగి అమ్మేవాడు. రుసుము లేకుండా చదువు చెప్పే న్యూయార్క్ సిటీ కళాశాలలో చేరి 1933లో పట్టభద్రుడయ్యాడు. వైద్యుడు కావలెనన్నది ఇతని కోరిక. కాని దరఖాస్తు చేసిన వైద్య కళాశాలలేవీ ఇతనిని చేర్చుకొనలేదు. ఆ రోజులలో అనేక కళాశాలలు యూదు విద్యార్థుల సంఖ్యపై పరిమితి పాటించేవి.

ఆర్థిక మాంద్యపు కాలంలో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల సహాయకునిగా స్వల్ప వేతనానికి చేరాడు. 1935లో, ఆహార పదార్థాలలో కలిపే విటమినులను పరీక్షించే ప్రయోగశాలకు మారాడు. అక్కడ ఒక అమ్మోనియా సీసా పగిలి ఒక కంటి చూపు కోల్పోయాడు. ఉద్యోగం చేస్తూనే రాత్రి తరగతులకు హాజరై 1941లో స్నాతకోత్తర పట్టా పొందాడు.

మందులు ఏమగుచున్నవి?

1946లో గోల్డ్‌వాటర్ స్మారక వైద్యశాలలో బెర్నార్డ్ బ్రాడీ అనే శాస్త్రవేత్త వద్ద చేరడంతో ఇతని జీవితం మలుపు తిరిగింది. ఆ కాలంలో నొప్పులకు వాడే అసిటనిలైడ్ అనే మందును ఎక్కువగా తీసుకొన్నవారిలో రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గేది. దీనికి కారణం ఆ మందునుండి శరీరంలో ఏర్పడే అనిలిన్ అని వీరిద్దరూ కనుగొన్నారు. ఆ మందులో అధిక భాగం మరొక పదార్థంగా మారుతుందనీ, నొప్పిని తగ్గించేది అదేననీ కూడ తేలింది. ఆ పదార్థమే నేడు మన ఇళ్ళలో జ్వరానికి వాడే పారాసిటమాల్.

మందు శరీరానికి ఏమి చేయునన్నదే గాక, శరీరం మందును ఏమి చేయునన్న ప్రశ్న కూడ ఆక్సెల్‌రాడ్‌కు ముఖ్యమైనది. 1949లో బెథెస్డాలోని జాతీయ హృదయ సంస్థలో చేరి కెఫీన్, ఆంఫిటమిన్ వంటి పదార్థాలను పరిశీలించాడు. మందులను మార్చే ఎంజైములు కాలేయంలో ఉన్నాయని చూపాడు. ఇంత పని చేసినా డాక్టరేటు లేనందున పదోన్నతి లభించలేదు. చివరకు సెలవు పెట్టి జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి 1955లో, 43వ ఏట ఆ పట్టా సాధించాడు. అదే సంవత్సరం జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఔషధశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు.

నోబెల్ పరిశోధన

నాడుల నుండి విడుదలైన నారడ్రినలిన్‌ను ఎంజైములు నాశనం చేయడంవల్లనే దాని పని ముగుస్తుందని అప్పటివరకు భావించేవారు. ఆక్సెల్‌రాడ్ 1957లో అట్టి ఎంజైము నొకదానిని కనుగొన్నాడు. అది నారడ్రినలిన్‌కు మిథైల్ సమూహాన్ని చేర్చి దానిని నిష్క్రియం చేస్తుంది. కాని ఆ ఎంజైమును అడ్డుకొన్నా నారడ్రినలిన్ పని ఆగిపోవుచుండెను. విడుదలైన పదార్థంలో అధిక భాగాన్ని ఆ నాడియే తిరిగి పీల్చుకొంటుందని ఇతడు, సహచరులు 1960 ప్రాంతంలో నిరూపించారు. కొకెయిన్, ఇమిప్రమిన్ వంటివి ఈ పునఃశోషణను అడ్డుకొంటాయని కూడ తేలింది. అనేక మానసిక కుంగుబాటు మందుల తయారీకి ఈ ఆలోచనయే ఆధారమైంది.

మెలటోనిన్

1958లో ఏల్ విశ్వవిద్యాలయ చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ పశువుల పీనియల్ గ్రంథులనుండి మెలటోనిన్‌ను వేరుచేశాడు. ఇది కప్ప చర్మపు రంగును పలుచబరచే పదార్థంగా మొదట గుర్తింపు పొందింది. దీని నిర్మాణంలోనూ మిథైల్ సమూహం ఉండటం ఆక్సెల్‌రాడ్‌ను ఆకర్షించింది. 1960లో హెర్బర్ట్ వైస్‌బాక్‌తో కలసి, సెరటోనిన్ నుండి మెలటోనిన్ తయారయ్యే క్రమంలో చివరి మెట్టును పూర్తిచేసే ఎంజైమును కనుగొన్నాడు.

తరువాత రిచర్డ్ వర్ట్‌మన్‌తో కలసి ఎలుకలపై ప్రయోగాలు చేశాడు. నిరంతరం వెలుతురులో ఉంచిన ఎలుకలలో ఈ ఎంజైము తగ్గింది, చీకటిలో పెరిగింది. పీనియల్‌కు పోయే నాడులను తొలగించగా వెలుతురు ప్రభావం పోయింది. అనగా కంటికి అందిన వెలుతురు వార్తను నాడులు గ్రంథికి చేర్చుచుండగా, గ్రంథి దానిని హార్మోను రూపంలో శరీరమంతటికీ తెలుపుచున్నది.

ఆ నాడులనుండి రాత్రివేళ వెలువడే నారడ్రినలిన్ పీనియల్ కణాల బీటా గ్రాహకాలను తాకినప్పుడు మెలటోనిన్ ఉత్పత్తి పెరుగుతుంది. ఈ గ్రాహకాల చురుకుదనం స్థిరంగా ఉండదని 1970లలో ఆక్సెల్‌రాడ్ బృందం చూపింది. ఉద్దీపన లేనంతకాలము వాటి స్పందన పెరిగి, ఎడతెగని ఉద్దీపనతో తగ్గుతుంది. అందుచేత ఒకే మోతాదు మందుకు అదే కణం పగలు ఒక విధంగా, రాత్రి మరొక విధంగా స్పందించవచ్చును. రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్ వంటి బీటా నిరోధకాలు మెలటోనిన్‌ను తగ్గించుటకు కారణమిదే.

గ్రాహకాలపై మెలటోనిన్ ప్రభావము

మెలటోనిన్‌కు సొంత గ్రాహకాలు ఉన్నాయి. వీటిలో రెండు ముఖ్య రకాల జన్యువులను 1994-95లలో స్టీవెన్ రెపర్ట్ బృందం గుర్తించింది. వీటిపై పనిచేసే రామెల్టియాన్ అనే నిద్రమందుకు 2005లో అమెరికాలో అనుమతి లభించింది.

ఇతర మందుల గ్రాహకాలపైనా మెలటోనిన్ ప్రభావం చూపునని జంతువులపై జరిగిన పరిశోధనలు సూచించాయి. డయాజిపామ్ వంటి మందులు పనిచేసేది గాబా గ్రాహకాలపైనే. మెలటోనిన్ ఆ గ్రాహకాలకు గాబా అంటుకొనే శక్తిని పెంచినట్లు మెదడు కణజాలంలో కనిపించింది. మెలటోనిన్ వలన కలిగే నొప్పి ఉపశమనాన్ని, నల్లమందు జాతి మందులకు విరుగుడైన నలాక్సోన్ అడ్డుకొన్నట్లు కూడ గమనించారు. అయితే ఇట్టి ప్రయోగాలలో శరీరం సహజంగా తయారుచేసే దానికంటె చాల ఎక్కువ మోతాదులు వాడుతారు గనుక, వీటిని మనుషులకు నేరుగా అన్వయించరాదు.

చివరి సంవత్సరములు

నోబెల్ వార్త వచ్చిన ఉదయం ఆక్సెల్‌రాడ్ దంతవైద్యుని వద్దకు వెళ్ళి ఉండగా, అక్కడనే ఆ సంగతి తెలిసింది. తనకు లభించిన గుర్తింపును సోవియట్ యూనియన్‌లో నిర్బంధానికి గురైన శాస్త్రవేత్తల పక్షాన నిలుచుటకు వినియోగించాడు.

ఇతని వద్ద శిక్షణ పొందిన సాలమన్ స్నైడర్, 1973లో కాండేస్ పెర్ట్‌తో కలసి మెదడులో నల్లమందు గ్రాహకాలను గుర్తించాడు. ఆక్సెల్‌రాడ్ 1984లో పదవీ విరమణ చేసినా ప్రయోగశాలను వదలలేదు. గంజాయి గ్రాహకాలపై పనిచేసే ఆనందమైడ్ అనే సహజ పదార్థం మెదడులో ఎట్లు తయారగునో వివరించే పరిశోధనను విలియం డెవేన్‌తో కలసి 1994లో ప్రచురించాడు. సంస్కృతపు ఆనంద శబ్దమునుండి ఈ పదార్థానికి ఆ పేరు వచ్చింది. అప్పటికి ఆక్సెల్‌రాడ్ వయస్సు 82 సంవత్సరాలకు చేరువలో ఉంది.

2004 డిసెంబర్ 29న మేరీలాండ్ రాష్ట్రంలోని రాక్‌విల్‌లో, తన 92వ ఏట మరణించాడు.