కండబలం గుట్టు విప్పిన సుబ్బారావు

రాగి సంగటి కెలకడం మన కర్నూలు, కడప ఆడవాళ్లకి కొత్తేమీ కాదు. కుతకుత ఉడికే ముద్ద అడుగంటకుండా తెడ్డుతో గట్టిగా తిప్పుతుంటే కాసేపటికే జబ్బలు లాగేస్తాయి. చేయి ఆపి, ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకుని మళ్లీ అందుకుంటే బలం తిరిగొచ్చినట్టే ఉంటుంది. ఆ నిమిషంలో మనం తిన్నదీ లేదు, తాగిందీ లేదు. మరి బలం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ గుట్టు విప్పినవాళ్లలో ఒకాయన మన తెలుగువాడే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు.

చిన్నప్పుడు చదువంటే పడేది కాదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోతే, తల్లి వెంకమ్మ వెనక్కి పట్టి తెచ్చింది. ఇంట్లో జరుగుబాటు లేకపోయినా నగలమ్మి చదివించింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. తర్వాత సన్యాసుల్లో కలుస్తానంటే ఆ తల్లే ఒప్పుకోలేదు. దాంతో మద్రాసులో వైద్యం చదువులో చేరాడు. 1919లో శేషగిరితో పెళ్లయింది. చదువుకు మామగారు సాయపడ్డారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరే వేసుకున్నందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపమొచ్చింది. ఫలితం, ఎంబీబీఎస్ చేతికి రాలేదు, అంతకంటే తక్కువ పట్టా ఇచ్చారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోవడం ఆయన్ని బాగా కుదిపేసింది. 1923లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. అక్కడ చేతిలో డబ్బులేక ఆస్పత్రిలో రాత్రిపూట ఊడిగం చేస్తూ చదువుకున్నాడు.

హార్వర్డ్‌లో ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరి, రక్తంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు ముదురుదనాన్నిబట్టి లెక్కగట్టే పద్ధతి తయారుచేశాడు. 1925లో అచ్చయిన ఆ పద్ధతే అసలు కథకు దారి చూపింది. పిల్లి కండరం నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తుంటే నీలిరంగు ఒక్కసారిగా తేలకుండా మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే చేతి తప్పనుకుని పారబోసేవారేమో! వీళ్లు ఆరా తీశారు. భాస్వరం ఇంకో పదార్థానికి అంటుకుని ఉండి, నెమ్మదిగా విడిపోతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, సేదదీరితే మళ్లీ నిండుతుంది. 1929లో ఏటీపీని కూడా పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుక్కున్నాడు. అప్పటిదాకా కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని నమ్మేవారు. హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ వచ్చింది కూడా కండరాల పనిమీదే.

ఇంతకీ జరిగేదేమిటంటే, కండరానికి లాగడమే తెలుసు, నెట్టడం రాదు. అందుకే జతలుగా ఉంటాయి. జబ్బ ముందున్న కండ మోచేయి ముడిస్తే, వెనకున్నది చాపుతుంది. లోపల మయోసిన్ పోగులు ఆక్టిన్ పోగుల్ని, బావిలో చేదతాడు లాగినట్టు పట్టి లాగుతూ, వదులుతూ, మళ్లీ పడతాయి. ఆ పట్టు వదలడానికి ఏటీపీ కావాలి. ప్రాణం పోయాక శరీరం కొయ్యబారేది అది అయిపోవడం వల్లే. కండలో ఏటీపీ నిలవ కొద్ది సెకన్లకే సరిపోతుంది. అది అయిపోతుంటే వెంటనే మళ్లీ తయారుచేసేది ఫాస్ఫోక్రియాటిన్. పోపులడబ్బాలో దాచుకున్న చిల్లరలాగన్నమాట. మనం తెడ్డు ఆపినప్పుడు నిండేది ఆ డబ్బానే. కిడ్నీ పరీక్షల్లో రాసే క్రియాటినిన్ కూడా దీని తాలూకు వ్యర్థమే.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగమివ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు, కేన్సర్ మందులవంటి పరిశోధనలు నడిపించాడు. గర్భిణులకిచ్చే ఫోలిక్ మాత్ర మనకు బాగా తెలిసిందే.

1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే గుండెపోటుతో పోయాడు. కండరం గుట్టు విప్పినాయన గుండె కండరమే ఆగిపోయింది.

అమెరికా వెళ్లాక ఆయన ఒక్కసారీ ఇంటికి రాలేదు. శేషగిరికి పుట్టిన కొడుకు ఏడాదైనా నిండకుండానే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనేలేదు. ఆయనమీద నేను చదివిన వాటిలో ఆవిడ ప్రస్తావన రెండు మూడు వాక్యాలు దాటదు. 25 ఏళ్లు ఆ ఇల్లాలు ఎట్లా గడిపిందో, పాపం, నాకెక్కడా కనబడలేదు.