జేన్ గ్రే

జేన్ గ్రే (1872 జనవరి 31 - 1939 అక్టోబరు 23) సుప్రసిద్ధ అమెరికన్ నవలా రచయిత. అమెరికా పశ్చిమ ప్రాంతపు ఎడారులు, గుర్రపు రౌతులు, పశువుల కాపరులు ఇతివృత్తంగా ఇతడు వ్రాసిన నవలలు కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. వాటి ఆధారంగా అనేక చలనచిత్రాలు వెలువడ్డాయి. అయితే ఇతని జీవితంలో సాహిత్యానికి దీటైన స్థానం మరొక వ్యాపకానికి ఉన్నది. అది నడిసముద్రంలో గాలంతో పెద్ద చేపలను పట్టే క్రీడ. నవలల వలన వచ్చిన ధనంలో చాలా భాగాన్ని ఇతడు ఈ క్రీడకే వెచ్చించాడు. నవలాకారునిగా ఇతని గురించి తెలిసినంతగా ఈ రెండవ పార్శ్వం గురించి తెలియదు కనుక, ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు ఇవ్వబడినది.

బాల్యం, విద్య

ఇతడు ఒహాయో రాష్ట్రంలోని జేన్స్‌విల్ పట్టణంలో జన్మించాడు. తల్లి పూర్వికుడైన ఎబెనెజర్ జేన్ ఆ పట్టణ స్థాపకుడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు పెర్ల్ జేన్ గ్రే. పెర్ల్ అనే పేరు ఆడపిల్లలకు ఎక్కువగా పెట్టేది కావడం వలన తరువాతి కాలంలో దానిని వదలివేశాడు. తండ్రి దంతవైద్యుడు, కఠిన స్వభావి. కుమారుడు పదిహేనేళ్ళ ప్రాయంలో వ్రాసిన మొదటి కథను ఆయన చించివేసి, కుర్రవానిని కొట్టాడు. చేపలు పట్టడం కూడా తండ్రి దృష్టిలో వ్యర్థకాలక్షేపమే. ఊరివారు పనికిమాలినవానిగా చూసే ఒక వృద్ధ జాలరి మాత్రం ఈ బాలునికి నదిలో గాలం వేయడం నేర్పాడు. తండ్రి వద్దన్న ఆ రెండు పనులే తరువాత ఇతనికి జీవితమంతా అయినాయి.

బేస్‌బాల్ ఆటలో నేర్పు ఉండడం వలన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉపకారవేతనం లభించింది. 1896లో దంతవైద్యంలో పట్టా పొంది న్యూయార్క్ నగరంలో వైద్యశాల తెరచాడు. ఆ వృత్తిపై ఇతనికి ఏనాడూ మనసు లేదు. సెలవు దొరికితే డెలావేర్ నదికి వెళ్ళేవాడు. 1902లో అచ్చయిన మొదటి రచన కూడా ఆ నదిలో చేపలు పట్టడం గురించినదే.

వివాహం, నవలలు

1900లో లాకవాక్సెన్ గ్రామం వద్ద నదీతీరంలో పరిచయమైన లీనా ఎలీజ్ రోత్‌ను 1905లో వివాహమాడాడు. ఈమెను డాలీ అని పిలిచేవారు. భర్త వ్రాతప్రతులను దిద్దడం, ప్రచురణకర్తలతో బేరసారాలు, ధనవ్యవహారాలు అన్నీ ఆమే చూసుకునేది. గ్రే నెలల తరబడి సముద్రాల మీద ఉండేవాడు. తరచు మానసిక కుంగుబాటుకు లోనయ్యేవాడు. ఇతర స్త్రీలతో ఇతనికి గల సంబంధాలు కూడా ఆమెకు తెలియనివి కావు. ఇన్నింటి మధ్య సంసారాన్ని, రచనావ్యాపారాన్ని నిలబెట్టినది ఆమేనని చెప్పక తప్పదు.

1910లో వెలువడిన ది హెరిటేజ్ ఆఫ్ ది డెజర్ట్ నవలతో పేరు వచ్చింది. 1912 నాటి రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్ ఇతని రచనలలోకెల్లా ప్రసిద్ధమైనది. ఆపై ఆర్థిక చింత చాలాకాలం లేకపోయింది. కుటుంబం కాలిఫోర్నియాకు తరలివెళ్ళి ఆల్టడీనాలో స్థిరపడింది.

క్రీడ స్వరూపం

ఇతడు ఆడిన ఆట ఎటువంటిదో తెలియనిదే మిగిలిన కథ బోధపడదు. కదులుతున్న పడవ వెనుక ఎరను నీటిపై లాగుతూ పోతారు. మార్లిన్ వంటి పెద్ద చేప ఎరను అందుకున్న తరువాత వేటగాడు కుర్చీలో కూర్చుని, పట్టీలతో తనకు తగిలించుకున్న గాలపు కర్రతోను, రీలుతోను దానిని అలసిపోయేవరకు లాగాలి. రీలుకు బిరి వంటి అమరిక ఉంటుంది. దానిని ఎక్కువ బిగిస్తే దారం తెగుతుంది, వదిలేస్తే దారమంతా చేపతో పోతుంది. ఆ రోజులలో వాడినది నార దారం. ఉప్పునీటిలో తడిసిన దానిని ప్రతిరోజు విప్పి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేది. పోరు గంటల తరబడి సాగవచ్చు. ఆ సమయంలో మరొకరు కర్రను తాకరాదు. తాకితే ఆ చేప లెక్కలోకి రాదు.

వీరు వెదికే చేపలు ముఖ్యంగా టూనాలు, కత్తిచేప, తెరచాప వంటి వీపు రెక్క గల సెయిల్‌ఫిష్, మార్లిన్ జాతులు. ముక్కు ఈటెవలె పొడుచుకువచ్చిన మార్లిన్, సెయిల్‌ఫిష్ మన సముద్రంలోనూ ఉన్నాయి. కోస్తా ఆంధ్ర మత్స్యకారులు వాటిని కొమ్ము కోణం అంటారు. మనవారికి అది జీవనోపాధి, గ్రేకు అది పందెం.

లాంగ్ కీ, కాటలీనా

ఫ్లోరిడా దక్షిణాన దీవుల వరుసలో ఉన్న లాంగ్ కీ అనే చోట గ్రే చాలా శీతాకాలాలు గడిపాడు. అక్కడికి వచ్చే వేటగాళ్ళు లెక్కకు మించి చేపలను పట్టి, తినకుండా పారవేయడం చూసి ఇతడు బాధపడ్డాడు. 1917లో ఏర్పడిన లాంగ్ కీ ఫిషింగ్ క్లబ్బుకు ఇతడే మొదటి అధ్యక్షుడు. సన్నని దారం, తేలిక కర్ర వాడి చేపకు తప్పించుకొనే అవకాశమివ్వాలని, వృథాగా చంపరాదని ఆ క్లబ్బు ఆశయం. 1935 సెప్టెంబరులో వచ్చిన పెనుతుఫానులో అక్కడి విడిది తుడిచిపెట్టుకుపోయింది.

వేసవులలో కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న కాటలీనా ద్వీపానికి వెళ్ళేవాడు. అక్కడి ఆవలాన్ పట్టణంలో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ 1898లో టూనా క్లబ్బును స్థాపించాడు. 1913లో విలియం బోషెన్ కర్ర, రీలుతో మొదటి కత్తిచేపను పట్టినది ఆ నీటిలోనే. కత్తిచేప కోసం గ్రే వేసవుల తరబడి తిరిగాడు. అది నీటిపై తేలియాడుతూ కనిపిస్తుంది గాని ఎరను ఒక పట్టాన ముట్టదు. చివరకు 1920లో 418 పౌండ్ల (190 కిలోల) చేపను సాధించి, అంతటి శ్రమ అందరికీ సాధ్యం కాదన్నట్లు మాట్లాడాడు. కొద్దికాలానికే ఆ క్లబ్బుకు చెందిన ఒక మహిళ అంతకంటె పెద్ద చేపను పట్టింది. దానిపై ఇతడు వెలిబుచ్చిన సందేహాలు సభ్యులకు కోపం తెప్పించాయి. ఇతడు క్లబ్బును వదలిపెట్టవలసి వచ్చింది. గొప్ప వేటగాడే గాని, ఓటమిని హుందాగా స్వీకరించే గుణం తక్కువ.

దూర సముద్రాలు

1924లో కెనడాలోని నోవా స్కోషియా తీరాన 758 పౌండ్ల (344 కిలోల) నీలిరెక్క టూనాను పట్టి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ ఏడాదే అక్కడ కట్టిన మూడు తెరచాప స్తంభాల ఓడను కొని, ఫిషర్‌మన్ అని పేరు పెట్టి, గలాపగోస్ దీవుల వైపు యాత్ర చేశాడు.

1926లో న్యూజిలాండ్ ఉత్తరాన ఉన్న బే ఆఫ్ ఐలాండ్స్‌కు వెళ్ళి, ఉరుపుకపుక ద్వీపంలో గుడారాలు వేసుకున్నాడు. అక్కడ 450 పౌండ్ల చారల మార్లిన్‌ను పట్టాడు. సహచరుడైన కెప్టెన్ లారీ మిచెల్ 976 పౌండ్ల (443 కిలోల) నల్ల మార్లిన్‌ను పట్టాడు. స్థానికులు పడవను కెరటాలకు వదిలి, మూడు కొక్కేల గాలానికి ఎర గుచ్చి వేచి ఉండేవారు. మూడు కొక్కేల గాలం క్రీడాధర్మం కాదని గ్రే పత్రికలలో విమర్శించడంతో పెద్ద వివాదం చెలరేగింది. విమర్శలో న్యాయం ఉన్నప్పటికీ, అతిథిగా వచ్చినవాడు పాఠం చెప్పడం వారికి రుచించలేదు. ఏమైనా ఈ యాత్ర గురించి ఇతడు వ్రాసిన పుస్తకం వలన ఆ తీరం ప్రపంచానికి తెలిసింది.

తహితి దీవిలోని వైరావో వద్ద ఇతడు మరొక విడిది కట్టుకున్నాడు. 1930 మే నెలలో అక్కడ పట్టిన మార్లిన్ బరువు 1040 పౌండ్లు (472 కిలోలు). కర్ర, రీలుతో పట్టినవాటిలో వెయ్యి పౌండ్లు దాటిన మొదటి మార్లిన్‌గా దీనిని పేర్కొంటారు. గ్రే దానిని తహితి చారల మార్లిన్ అన్నాడు గాని, అది నీలి మార్లిన్ అని ఇప్పటి పరిశీలకుల అభిప్రాయం. ఈ చేపను పడవ దగ్గరకు లాగుతుండగా సొరచేపలు దాని వెనుక భాగాన్ని కొరికివేశాయి. పోయిన మాంసాన్ని కలిపితే బరువు ఇంకా ఎక్కువే. అయితే చిక్కు కూడా అక్కడే ఉన్నది. గాయపడిన చేప బలం కోల్పోతుంది కనుక దానిని పట్టడం వేటగాని గొప్ప కాదని ఒక వాదం. ఇతర జీవులు కొరికిన చేపను రికార్డుగా అంగీకరించరాదన్న నియమం నేటికీ అమలులో ఉన్నది. ఆ విధంగా ఇతని జీవితంలోని అతిపెద్ద చేప రికార్డుల పట్టికలో చోటు చేసుకోలేకపోయింది.

వృథాగా చంపరాదని చెప్పిన ఇతడే, పట్టిన పెద్ద చేపలను వ్రేలాడదీసి వాటి ప్రక్కన నిలబడి ఫొటోలు తీయించుకునేవాడు. చేపకు గుర్తు బిళ్ళ తగిలించి తిరిగి నీటిలో వదిలే పద్ధతి ఇంకా వాడుకలోకి రాని కాలమది అన్నది నిజమే. అయినా మాటకు, చేతకు మధ్య ఈ ఎడం కనబడుతూనే ఉంటుంది.

చివరి సంవత్సరాలు

1929 తరువాతి ఆర్థిక మాంద్యంలో పుస్తకాల రాబడి తగ్గింది. ఓడల ఖర్చు మాత్రం తగ్గలేదు. అప్పుల మధ్యనే 1936లో ఆస్ట్రేలియాకు వెళ్ళి, బెర్మగుయి రేవులో మకాం పెట్టి మార్లిన్‌లను పట్టాడు. సిడ్నీ సమీపంలో 1036 పౌండ్ల పులి సొరను పట్టాడు. వైట్ డెత్ అనే చలనచిత్రంలో తన పాత్రను తానే ధరించాడు. 1937లో ఒరెగాన్ రాష్ట్రంలో అంప్‌క్వా నది వద్ద చేపలు పడుతుండగా పక్షవాతం వచ్చింది. కొంత కోలుకున్నాడు గాని పూర్వపు బలం రాలేదు.

1939 అక్టోబరు 23న ఆల్టడీనాలో గుండె జబ్బుతో మరణించాడు. చేపల రికార్డులను ప్రపంచమంతటికీ ఒకే నియమావళితో నమోదు చేసే అంతర్జాతీయ సంఘం న్యూయార్క్‌లో ఏర్పడినది అదే సంవత్సరం జూన్‌లో. ఇతడు వదలివెళ్ళిన వ్రాతప్రతుల నుండి మరణానంతరం కూడా ఏళ్ళ తరబడి కొత్త నవలలు వెలువడుతూ వచ్చాయి. డాలీ 1957లో మరణించింది. దంపతులిద్దరి చితాభస్మాన్ని వారు మొదట కలుసుకున్న లాకవాక్సెన్‌లోనే ఖననం చేశారు. నదీతీరంలోని వారి ఇల్లు జాతీయ పార్కుల శాఖ ఆధ్వర్యంలో ప్రదర్శనశాలగా మారింది.