ఇసుక మీద ఆనకట్ట - సర్ ఆర్థర్ కాటన్ జీవితము

సోమశిల రేవున నిలిచి చూస్తే కృష్ణ కనుచూపు మేర పరచుకొని ఉంటుంది. శ్రీశైలం ఆనకట్ట వెనుక ఇంజనీర్లు లెక్క కట్టి నిలిపిన నీళ్లవి. మనమేమో ఆరాధనలో వర్షము కొరకు దేవుని ప్రార్థిస్తాము. ఈ రెండూ ఎట్లా పొసగుతాయని కళాశాలకు వెళ్లే మన పిల్లలు అడుగుతారు. వారికి జవాబుగా, ఇదే నదికి దిగువన బెజవాడ ఆనకట్టకు బాట వేసిన సర్ ఆర్థర్ కాటన్ దొరగారి జీవితమును జ్ఞాపకము చేసుకొందాము.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. 1821లో సైనిక ఇంజనీరుగా మద్రాసు వచ్చారు. బైబిలు పఠనము, ప్రార్థన ఆయన జీవితములో భాగములు. అయినా కరువు దేవుని చిత్తమని చేతులు కట్టుకొని కూర్చోలేదు. 1833 నాటి కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. పక్కనే గోదావరి నీళ్లు ఏటేటా సముద్రము పాలవుతున్నవి. ఆ నీటిని పొలాలకు మళ్లించుట తన విధి అని ఆయన నమ్మారు.

చిక్కేమంటే, ధవళేశ్వరము వద్ద నది అడుగున ఉన్నది లోతైన ఇసుక. ఇసుక మీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని ఉపమానము (మత్తయి 7) మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. కాటన్‌కు తెలియదా? తెలుసు. కానీ అంతకు ముందే కావేరిపై పని చేస్తూ, చోళరాజుల నాటి కల్లణై ఇసుక మీదనే శతాబ్దాలుగా నిలిచి ఉండుట చూచి, మన దేశపు పనివారి దగ్గర ఆ విద్య నేర్చుకున్నారు. 1847లో ప్రారంభించి 1852లో గోదావరి ఆనకట్ట ముగించారు. అది నూరేళ్లకు పైగా వరదలకు నిలిచింది. 1855లో కెప్టెన్ ఓర్ బెజవాడ ఆనకట్టను పూర్తి చేశారు.

ఉపమానము తప్పా? కాదు. అది మనుష్యుని హృదయపు పునాదిని గూర్చినది. ఇసుక గుణమును ఇసుకనే పరీక్షించి తెలుసుకోవాలి. కాటన్ ఈ రెంటినీ కలగాపులగము చేయలేదు, ఒకదాని కొరకు మరొకదానిని విడువనూ లేదు.

ఆయన కుమార్తె ఎలిజబెత్, లేడీ హోప్, కూడా భక్తురాలే. తండ్రి జీవితచరిత్రను 1900లో ప్రచురించినది ఆమెయే. అయితే డార్విన్ అంత్యకాలములో తన సిద్ధాంతమునకు పశ్చాత్తాపపడినట్లు 1915లో అమెరికా పత్రికలో వెలువడిన కథ కూడా ఆమె చెప్పినదే. డార్విన్ కుమార్తె 1922లో దానిని ఖండించారు. ఆ కథ నేటికీ కొన్ని ప్రసంగ వేదికల మీద వినబడుతుంది. సత్యమైన దేవునికి అటువంటి సాక్ష్యము అవసరమా? శాస్త్రజ్ఞుడు ఓడితేనే విశ్వాసము గెలుస్తుందనుకొనుట మన బలహీనత. తండ్రి జీవితములో ఓడినవారు లేరు.

1878లో, డెబ్బదియైదేండ్ల వయస్సులో, పార్లమెంటు కమిటీ ఎదుట తన నీటిపారుదల ఆలోచనలను సమర్థించుకోవలసి వచ్చింది. వృద్ధాప్యములో డార్కింగులోని తన తోటలో లోతుగా నేల తవ్వి గోధుమ పండించి పరీక్షలు చేశారు. 1899 జూలై 24న ప్రభువునందు నిద్రించారు. గోదావరి తీరమున హిందూ సోదరులు నేటికీ ఆయనను తలచుకుంటారు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు సైన్సు పుస్తకము తెరచినప్పుడు భయపడవద్దు. నేల గుణము తెలిసికొనుటకు పరిశోధించండి, హృదయపు పునాది కొరకు ప్రార్థించండి. రెండింటికీ ప్రభువు ఒక్కడే.