కామర్స్ పాఠాలు చెప్పిన అంబేద్కర్

భారత రాజ్యాంగ నిర్మాత డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ గారిని ఎరుగని వారు మన హాస్టళ్ళలో ఉండరు. ఏటా ఏప్రిల్ 14న ఆయన ఫోటోకు దండ వేస్తాం. డిసెంబర్ 6న నివాళులర్పిస్తాం. అయితే ఆయన కొన్నేళ్ళు కామర్స్ విద్యార్థులకు అధ్యాపకుడిగా పనిచేశారని, అకౌంటెన్సీ పరీక్షలకు తయారయ్యేవారికి వాణిజ్య చట్టం బోధించారని మనలో చాలామందికి తెలియదు. ఎం.కాం.లో కార్పొరేట్ గవర్నెన్స్ పేపరు చదువుతున్న నాకు ఆయన జీవితంలోని ఈ భాగం ఎంతో దగ్గరగా అనిపించింది. మన హాస్టల్ తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో ఆ విషయాలు పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో రాంజీ సక్పాల్, భీమాబాయి దంపతులకు పద్నాలుగో సంతానంగా జన్మించారు. తండ్రి సైన్యంలో సుబేదారు. సతారాలో చదివేటప్పుడు తరగతి గదిలో అందరికీ దూరంగా, ఇంటి నుండి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చున్నారు. బడిలో కుళాయి ముట్టుకునే హక్కు కూడా ఆయనకు లేదు. అలాంటి పిల్లవాడు 1907లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుండి మెట్రిక్యులేషన్, 1912లో బి.ఏ. ఉత్తీర్ణులయ్యారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు.

అక్కడ 1915లో ఎం.ఏ. కోసం ఆయన ఎంచుకున్న అంశం ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాలు. ఒక వ్యాపార కంపెనీ లండన్‌లోని వాటాదారుల లాభం చూసుకుంటూ ఇంత పెద్ద దేశాన్ని ఎలా ఏలింది, ఏ ఏ పన్నులు వసూలు చేసింది, చివరికి తన అప్పులను భారత ప్రజల నెత్తిన ఎలా పెట్టింది అనేది ఆయన లెక్కలతో సహా పరిశీలించారు. కార్పొరేట్ గవర్నెన్స్ అనే మాట అప్పటికి వాడుకలో లేదు. కానీ దాని అసలు ప్రశ్న ఇదే. ఇతరుల సొమ్ము, ఇతరుల బతుకు చేతిలో పెట్టుకున్నవాళ్ళు ఎవరికి జవాబు చెప్పాలి? వాళ్ళ లెక్కలు ఎవరు చూడాలి? ఇరవై నాలుగేళ్ళ వయసులో అంబేద్కర్ పట్టుకున్న ప్రశ్న అది.

ఆ తర్వాత లండన్‌లో చదువు మొదలుపెట్టారు గానీ స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో తిరిగి రావలసి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. అంత చదువు చదివినా ఆ ఊళ్ళో ఉండటానికి ఇల్లు దొరకలేదు. ఆఫీసులో జవాన్లు కూడా ఫైళ్ళు చేతికివ్వకుండా దూరం నుండి విసిరేవారు. కొద్ది రోజులకే ఆ ఉద్యోగం వదిలి బొంబాయి చేరుకున్నారు.

కుటుంబాన్ని పోషించుకోవడానికి ట్యూషన్లు చెప్పారు. లెక్కలు రాసే పని చేశారు. పెట్టుబడులు పెట్టేవారికి సలహాలిచ్చే చిన్న సంస్థ ఒకటి ప్రారంభించారు. ఆ వ్యాపారం ఎందుకు మూతపడిందో తెలిస్తే మనసు కలుక్కుమంటుంది. సలహా చెప్పే వ్యక్తి అంటరాని కులస్థుడని తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారు. ఆయన లెక్క తప్పిందని ఎవరూ అనలేదు. వాళ్ళు అడిగింది కులం ఒక్కటే.

1918 నవంబరులో బొంబాయిలోని సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. మొదట్లో ఈయనేం చెబుతాడులే అనుకున్న విద్యార్థులు, పాఠం విన్న తర్వాత మనసు మార్చుకున్నారు. ఇతర కాలేజీల వారు కూడా వచ్చి ఆయన పాఠాలు వినేవారు. అయినా తోటి అధ్యాపకులు కొందరు, స్టాఫ్ రూములోని కుండలో నీళ్ళు ఆయన తాగడానికి అభ్యంతరం చెప్పారు. ఆయన పాఠం చెప్పడం మానలేదు. జీతంలో పొదుపు చేసిన డబ్బుకు కొల్హాపూర్ మహారాజు సహాయం, ఒక స్నేహితుడి దగ్గర తీసుకున్న అప్పు తోడు చేసుకుని, 1920లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మళ్ళీ లండన్ వెళ్ళారు. మధ్యలో ఆగిన చదువును పూర్తి చేసి ఎం.ఎస్సీ., డి.ఎస్సీ. పట్టాలు, బారిష్టరు పట్టా సాధించి 1923లో తిరిగి వచ్చారు.

బారిష్టరుగా బోర్డు కట్టినా కేసులు అంతగా రాలేదు. అప్పుడే, 1925 జూన్ నుండి 1928 మార్చి వరకు, బొంబాయిలోని బాట్లీబోయ్ అకౌంటెన్సీ శిక్షణా సంస్థలో పార్ట్‌టైం లెక్చరర్‌గా మర్కంటైల్ లా బోధించారు.

ఆ పాఠాల విలువ అర్థం కావాలంటే అప్పటి పరిస్థితి కొంచెం తెలుసుకోవాలి. 1913 నాటి కంపెనీల చట్టం, కంపెనీ లెక్కలను అర్హత గల ఆడిటర్ తనిఖీ చేయాలని నిర్దేశించింది. అలాంటి అర్హులను మన దేశంలోనే తయారుచేయడానికి 1918లో బొంబాయి ప్రభుత్వం అకౌంటెన్సీ డిప్లొమా ప్రారంభించింది. పరీక్ష పాసై, అనుభవం ఉన్న అకౌంటెంట్ దగ్గర శిక్షణ పొందితే సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. ఈనాటి సి.ఏ. చదువుకు ఇదే పూర్వరూపం. జమాఖర్చులు రాయడం వచ్చినంత మాత్రాన ఆడిటర్ కాలేడు. ఒప్పందం ఎప్పుడు చెల్లుతుంది, భాగస్థుల బాధ్యత ఎంతవరకు, ప్రామిసరీ నోటు మీద సంతకం చేసినవాడు దేనికి కట్టుబడతాడు అనే చట్టం కూడా తెలిసి ఉండాలి. మర్కంటైల్ లా అంటే ఆ చట్టమే.

ఆ మూడేళ్ళలో ఆయన ఎన్ని పనులు చేశారో చూడండి. 1925 జనవరిలో షోలాపూర్‌లో అణగారిన వర్గాల విద్యార్థులకు హాస్టల్ తెరిపించారు. అదే ఏడాది డిసెంబరులో భారత కరెన్సీ మీద వేసిన రాయల్ కమిషన్ ముందు హాజరై రూపాయి విలువ గురించి సాక్ష్యం చెప్పారు. 1927లో బొంబాయి శాసన మండలి సభ్యుడయ్యారు. 1927 మార్చి 20న మహాద్ చవదార్ చెరువులో వేలాది మందితో కలిసి నీళ్ళు తాగారు. ఒకప్పుడు స్టాఫ్ రూములో కుండ ముట్టుకోవద్దన్నారు. మహాద్‌లో ఊరి చెరువు నీళ్ళ మీద అందరికీ హక్కుందని నిరూపించారు. తరగతి గదిలో చట్టం చెప్పిన మాష్టారు ఆ చెరువు గట్టు మీద నిలబడ్డారని తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

తర్వాత 1935 నుండి 1938 వరకు బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్నప్పుడు ఆయన చేసిన కృషి వల్లనే 1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లు మొదలయ్యాయి. మనం అందుకునే స్కాలర్‌షిప్‌కు మూలం అదే. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాద్‌లో మరో కాలేజీ స్థాపించారు. 1953 జనవరి 12న మన ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్‌తో ఆయనను సత్కరించింది.

1949 మే నెలలో రాజ్యాంగ సభలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి మీద చర్చ జరిగింది. రాజ్యాంగంలోని పదవులన్నింటిలో అతి ముఖ్యమైనది బహుశా ఇదేనని, న్యాయవ్యవస్థ కన్నా కూడా దీని బాధ్యత పెద్దదని అంబేద్కర్ అభిప్రాయపడ్డారు. ప్రజల సొమ్ము ఎటు పోయిందో అడిగేవాడు ఎవరికీ భయపడకూడదన్నది ఆయన ఆలోచన. 1915లో కంపెనీ లెక్కలతో మొదలైన ప్రశ్నకు 1949లో రాజ్యాంగంలో ఆయన ఒక సమాధానం చూపించారని నేను భావిస్తున్నాను. 1956 డిసెంబర్ 6న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మా ఇంట్లో నాకన్నా ముందు డిగ్రీ చదివినవారు లేరు. మా నాయన షావుకారు రాసిన కాగితం మీద, అందులో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసేవాడు. మనలో చాలామంది ఇళ్ళలో ఇదే కథ. తరతరాలుగా మన పేర్లు ఖాతా పుస్తకాల్లో బాకీదార్లుగా ఉన్నాయి. ఆ పుస్తకం తెరిచి తనిఖీ చేసి సంతకం పెట్టే చోట మన పేర్లు చాలా తక్కువ.

సి.ఏ., సి.ఎస్., సి.ఎం.ఏ. అనగానే అవి మనకు కావులే అనుకుంటాం. తెలిసిన ఆడిటర్ లేడని, ఆర్టికల్‌షిప్ ఎవరిస్తారని వెనకడుగు వేస్తాం. ఆ కష్టం నిజమే, కాదనను. కానీ బి.కాం.లో 55 శాతం మార్కులుంటే ఫౌండేషన్ రాయకుండానే సి.ఏ. ఇంటర్మీడియట్‌లో చేరవచ్చని మన హాస్టల్లో ఎందరికి తెలుసు? ఇప్పుడు ఆర్టికల్‌షిప్ కూడా మూడేళ్ళ నుండి రెండేళ్ళకు తగ్గింది. ఖాతాదారులు కులం చూసి వెళ్ళిపోయిన రోజుల్లో అంబేద్కర్ గారు ఆ చదువును వదిలిపెట్టలేదు. కొన్నేళ్ళలోనే అకౌంటెంట్లు కాబోయేవారికి చట్టం నేర్పే స్థాయికి వచ్చారు.

కాబట్టి ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేసే కామర్స్ విద్యార్థులు కనీసం ఒక్కసారి ఈ కోర్సుల వివరాలు తెలుసుకోవాలని మనవి. పూర్వ విద్యార్థుల్లో ఆడిట్ ఆఫీసుల్లో, బ్యాంకుల్లో పనిచేస్తున్న అన్నలు, అక్కలు నెలకొక ఆదివారం హాస్టల్‌కు వచ్చి రెండు గంటలు పాఠం చెబితే అంతకన్నా మేలు లేదు. బాబాసాహెబ్ చేసిన పనుల్లో పాఠం చెప్పడం కూడా ఒకటి. ఆ పని మనం కొనసాగిద్దాం.

జై భీమ్!

– పూర్వ విద్యార్థి, ఎం.కాం. ద్వితీయ సంవత్సరం