ఒకే బల్లయొద్ద

ధ్యానభాగము: 1 కొరింథీ. 12:12–27

ఇంటిలో ప్రార్థించుకొనుచున్నాము గదా, గుడికి రాకున్న నేమి అని మనలో కొందరు అందురు. ఫలానా కుటుంబము వచ్చినచో మేము రాము అని మరికొందరు అందురు. ఈ మాసము మనము దోర్నకల్ బిషప్ అజరయ్య గారి జీవితమును తలంచుకొందము.

ఆయన 1874వ సంవత్సరము ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలో ఒక గ్రామ గురువుగారి యింట జన్మించిరి. కొంతకాలము వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేసిరి. 1903లో తిరునల్వేలి విశ్వాసులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. ఆ సొసైటీ నిజాం రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమున పని ప్రారంభించెను. ఇతరులను పంపి తాము ఊరకుండక, 1909లో తామే అక్కడికి వచ్చిరి. మాతృభాష తమిళమైనను మన తెలుగు నేర్చుకొని, మన పల్లె బీదలకు బోధించిరి.

1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడిరి. దొరలు చేసిన త్యాగమునకు కృతజ్ఞత తెలుపుచునే, వారు దేశీయ సేవకులను స్నేహితులుగా కలుపుకొనుటలేదని నిర్భయముగా చెప్పిరి. ఆ మాట పలువురికి నొప్పి కలిగించెను.

పరుల తప్పు చూపుట సులభము. అజరయ్య గారు అదే కొలతతో తమ మందను కూడ కొలిచిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదలు. ఆయన సంఘములలో మాలలు, మాదిగలు విశేషముగా చేరిరి. తరతరములుగా కలిసి భుజింపని ఆ ఉభయులు ప్రభువు బల్లయొద్ద సహోదరులు కావలెనని ఆయన పట్టుపట్టిరి. ఆ భేదము ఆయన దినములలో పూర్తిగా పోలేదు. అయినను ఆయన విసుగక బోధించుచునే యుండిరి.

వేరువేరు మిషనుల సంఘములు ఏకము కావలెననియు ఆయన 1919లో తరంగంబాడి సమావేశము మొదలు పాటుపడిరి. విడిపోయిన సంఘము ప్రభువును లోకమునకు చూపజాలదని ఆయన నమ్మిక. 1945 జనవరి 1న ఆయన నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. తాము విత్తినదాని పంటను ఆయన కన్నులార చూడలేదు.

ప్రియులారా, శరీరమునుండి వేరైన చెయ్యి ఎంత బలమైనదైనను ఎండిపోవును. పొయ్యిలోనుండి తీసి వేరుగా పెట్టిన కొరివి ఆరిపోవును. మన విశ్వాసమును అంతే. రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందు, మనము మాటలాడుట మానిన సహోదరుని గడపకు మనమే పోవుదము. వారే రావలెనని కాచుకొని కూర్చుండవద్దు. అజరయ్య గారు పరభాషవారి పల్లెలకు తామే నడిచి వచ్చిరి. మన పొరుగువాని యిల్లు అంత దూరము కాదు.