గురి విడువని క్రీడాకారుడు డాక్టర్ కర్ణీ సింగ్

2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో పురుషుల ట్రాప్ షూటింగ్ జట్టు విభాగంలో భారతదేశం స్వర్ణ పతకం గెలుచుకుంది. హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ ఆ జట్టులో సభ్యుడు కాగా, వ్యక్తిగత విభాగంలో ఆయన కాంస్య పతకం సాధించారు. ఈ క్రీడలో ఆరు దశాబ్దాలకు పూర్వమే దేశానికి ప్రపంచ స్థాయి గుర్తింపు తెచ్చినవారు డాక్టర్ కర్ణీ సింగ్.

బికనీర్ రాజవంశంలో 1924 ఏప్రిల్ 21న ఆయన జన్మించారు. ఢిల్లీ, బొంబాయి కళాశాలలలో విద్యనభ్యసించి, అనంతరం బొంబాయి విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. 1950లో తండ్రి సాదుల్ సింగ్ మరణానంతరం బికనీర్ మహారాజు అయ్యారు. 1952 నుండి 1977 వరకు బికనీర్ నియోజకవర్గం నుండి స్వతంత్ర సభ్యునిగా లోక్‌సభలో కొనసాగారు.

యంత్రం నుండి దూసుకువచ్చే బిళ్లను గాలిలోనే పేల్చడం ట్రాప్ క్రీడ. పూర్వం సజీవ పావురాలనే గురిగా వాడినందున ఈ బిళ్లకు మట్టి పావురమనే పేరు నిలిచింది. బిళ్ల ఏ దిశగా ఎగురుతుందో ముందుగా తెలియదు. క్షణకాలపు ఏమరుపాటుకే స్థానం చేజారుతుంది.

ఆ చేదు అనుభవం కర్ణీ సింగ్‌కు 1962లో కైరోలో ఎదురైంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ప్రథమ స్థానానికి సమఉజ్జీగా నిలిచిన ఆయన, విజేతను తేల్చే అదనపు పోటీలో వెనుకబడి రజతంతో తృప్తి చెందవలసి వచ్చింది. ఒలింపిక్ పతకమూ ఆయనకు దక్కలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పొందిన ఎనిమిదవ స్థానమే అత్యుత్తమం.

అయినను ఆయన తుపాకీని పక్కన పెట్టలేదు. 1964, 1968, 1972 ఒలింపిక్స్‌లలోనూ, 56 ఏళ్ల వయసులో 1980 మాస్కో ఒలింపిక్స్‌లోనూ పాల్గొని, ఐదు ఒలింపిక్ క్రీడలలో పోటీపడిన తొలి భారతీయుడయ్యారు. 1971లో రాజభరణాలు రద్దయిన తరువాత కూడా ఆయన క్రీడాసాధన ఆగలేదు. 1974 టెహరాన్ ఆసియా క్రీడలలో వ్యక్తిగత రజతం, 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో జట్టు రజతం సాధించారు. 17 పర్యాయాలు జాతీయ ఛాంపియన్‌గా నిలిచారు.

షూటింగ్‌లో తొలి అర్జున అవార్డు 1961లో ఆయనకే లభించింది. ఆయన కుమార్తె రాజ్యశ్రీ కుమారి కూడా ఇదే క్రీడలో 1968లో ఆ అవార్డు అందుకోవడం విశేషం.

1988 సెప్టెంబరు 6న కర్ణీ సింగ్ పరమపదించారు. ఢిల్లీలోని తుగ్లకాబాద్ షూటింగ్ రేంజ్‌కు ఆయన పేరు పెట్టారు. ఒలింపిక్ పతకం అందకపోయినా, రెండు దశాబ్దాలకు పైగా అంతర్జాతీయ వేదికపై పోరాడిన ఆయన పట్టుదల తరువాతి తరాల షూటర్లకు మార్గదర్శకమైంది.